కొత్త లాప్‌టాప్ – వైర్‌లెస్ సంధానము: దోష సందేశములపై ఒక విమర్శ

గ్రంథములను, నాటకములను విమర్శించు ఆచారము తెలుగువారిలో చిరకాలము నుండి ఉన్నది. యంత్రములు పలుకు వాక్యములను విమర్శించు ఆచారము మాత్రము ఇంకను ఏర్పడలేదు. అయినను నేటి విద్యార్థి మిక్కిలి ఆదుర్దాతో చదువునది ఏ కవి వాక్యమునో కాదు. లాప్‌టాప్ తెరకు ఒక మూల కనబడు నాలుగైదు మాటల సందేశమునే. ‘నో ఇంటర్నెట్, సెక్యూర్డ్’ అనునది వానిలో ఒకటి. ‘కాంట్ కనెక్ట్ టు దిస్ నెట్‌వర్క్’ అనునది మరియొకటి. దోషమును వెదకుటకై యంత్రములోనే ఉంచిన సాధనమును నడిపినచో, అది కొంతసేపు వెదకి వెదకి, తుదకు దోషమేమో గుర్తింపలేకపోతిననుట కూడ కలదు. ఈ వాక్యములు సత్యములా? సత్యములైనచో ఎంతవరకు? చదువరికి ఇవి ఏ ఉపకారము చేయుచున్నవి? ఏ రచనను గురించియైనను అడుగదగిన ప్రశ్నలే ఇవి.

మహానగరములలో కంటె ఉత్తర తెలంగాణములో ఈ ప్రశ్నల అవసరము హెచ్చు. 2016లో విభజింపబడుటకు పూర్వము ఉండిన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను తలచుకొనుడు. విద్యార్థి చేతికి లాప్‌టాప్ నిచ్చి పాఠమును దాని మూలముగ చెప్పవలెనను ఉద్దేశముతో బాసరలో ట్రిపుల్ ఐటీ 2008లో ఏర్పడినది ఈ ప్రాంతముననే. కరీంనగర్ శాతవాహన విశ్వవిద్యాలయము కూడ ఆ యేటిదే. డిగ్రీ కళాశాలలలో ప్రవేశములు 2016 నుండి ‘దోస్త్’ అను ఆన్‌లైన్ విధానముననే జరుగుచున్నవి. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ ప్రయోగాత్మకముగ ఆరంభమైన గ్రామములలో పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. తీగ ఊరి వరకు వచ్చుచున్నది. ఇంటిలోని కడపటి పది గజములు మాత్రము తీగ లేకయే సాగవలెను.

ఆ పది గజములలో చిక్కు వచ్చినప్పుడు మంథని విద్యార్థియో, ఉట్నూరు విద్యార్థియో కొత్త లాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకొని బస్సెక్కి పట్టణములోని దుకాణమునకు పోవును. అచ్చట అది చక్కగా పనిచేయును! ఏలయన అచ్చటి వైఫై వేరు. ఇంటికి తెచ్చిన పిమ్మట మరల మొదటి కథయే. లేదా కార్డు పోయినదనియో, సిస్టము అంతయు తిరిగి ఎక్కించవలెననియో చెప్పి డబ్బు తీసికొందురు. ఒక దినము పోయినది, బస్సు ఖర్చు పోయినది, దరఖాస్తు గడువు కూడ పోవచ్చును. సందేశములో ఒక్క మాట స్పష్టముగా ఉండినచో ఇట్టి ప్రయాణములలో అనేకము తప్పియుండును.

బావికాడ మోటారు నడువనప్పుడు ఈ ప్రాంతపు రైతు ఏమి చేయునో చూడుడు. మోటారు కాలినదని వెంటనే అనడు. మొదట ప్రక్క చేని మోటారు నడుచుచున్నదా అని చెవి యొగ్గును. అదియు నడువనిచో కరెంటే లేదు. అది నడుచుచున్నచో తన స్టార్టరు డబ్బా కడకు వచ్చి మూడు ఫేజుల దీపములును వెలుగుచున్నవా అని చూచును. రెండే వెలిగినచో చిక్కు డబ్బాకు అవతల, అనగా ఫ్యూజులోనో ట్రాన్స్‌ఫార్మరు కాడనో ఉన్నది. మూడును వెలిగియు స్టార్టరు పట్టనిచో చిక్కు డబ్బాలోనే. ఇంత చూచిన పిమ్మట గాని మోటారును పైకి లాగు మాట ఎత్తడు. అది కూలి ఖర్చుతో కూడిన పని గదా. ఏ ఇంగ్లీషు పుస్తకమును చదువకయే అతడు అనుసరించునది శుద్ధమైన శాస్త్రీయ పద్ధతి. వరుసగా నున్న మెట్లలో ఎంతవరకు అంతయు సరిగా ఉన్నదో తేల్చి, చెడిన మెట్టు దగ్గర నిలుచుట దాని సారము.

లాప్‌టాప్‌కును ఇట్టి మెట్ల వరుస కలదు. రూటరు పంపు రేడియో తరంగము ముందు వినబడవలెను. తరువాత రూటరు తాళపుమాటను, అనగా పాస్‌వర్డును, ఒప్పుకొనవలెను. ఒప్పుకొన్న పిమ్మట లాప్‌టాప్‌కు ఒక అంకెల చిరునామా ఇయ్యవలెను. రూటరుకు ఆవల లోకములోనికి దారి ఉండవలెను. చివరకు, మనము వ్రాయు పేరు ఏ అంకెల చిరునామాకు చెందినదో చెప్పు సర్వరు పలుకవలెను. ఐదింటిలో ఏది చెడినను తెర మీద పేజీ తెరచుకొనదు. ఇప్పటి సందేశములపై మొదటి ఆక్షేపణ ఇదియే: ఐదు వేరు వేరు వైఫల్యములను రెండు మూడు మాటలలో కలిపివేసి, రైతుకు ఆ మూడు దీపములు చేయు ఉపకారమును విద్యార్థికి చేయకున్నవి.

మొదటి మెట్టును గురించి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. వైర్‌లెస్ అను మాటను తెలుగులో నిస్తంత్రి అనిరి; ఉర్దూలో లాసిల్కీ అందురు. మూడు మాటలును తీగ లేదనియే చెప్పుచున్నవి గాని, ఉన్నదేదో చెప్పుట లేదు. లేమిని బట్టి పెట్టిన పేరగుటచే, నడుమ ఏమియు లేదను భావము జనులలో పాతుకొన్నది. ఉన్నది రేడియో తరంగము. వైఫై వాడు రెండు ముఖ్యమైన పట్టీలలో ఒకదానిలో అది సెకనుకు సుమారు 240 కోట్ల సార్లు కంపించును, తరంగదైర్ఘ్యము 12.5 సెంటీమీటర్లు. రెండవ పట్టీలో కంపనములు 500 కోట్లకు పైబడును, తరంగదైర్ఘ్యము 6 సెంటీమీటర్ల లోపు. మొదటి పట్టీని లైసెన్సు లేకయే వాడుకొనుటకు భారత ప్రభుత్వము 2005లో అనుమతించినది. రెండవ పట్టీలో వేగము హెచ్చు, కాని గోడను దాటు శక్తి తక్కువ.

లోహపు రేకు ఈ తరంగములను త్రిప్పికొట్టును. నీరు వానిని పీల్చుకొనును. ఈ రెండు వాక్యములను మనసున నుంచుకొని కరీంనగర్ ప్రాంతపు ఒక ఇంటిని వేసవిలో చూడుడు. కిటికీలో ఇనుప రేకుల కూలరు ఉన్నది, దాని నిండ నీరు ఉన్నది. రూటరు ముందు గదిలో బీరువా మీద ఉన్నది. బీరువా కూడ ఇనుపదే. చలికాలములో చక్కగా నడిచిన వైఫై కూలరు పెట్టిన పిమ్మట లోపలి గదిలో మందగించినచో ఆశ్చర్యమేమి? పాత ఇండ్ల మందమైన మట్టిగోడలు, వానలో తడిసినప్పుడు మరింతగా, తరంగమును మ్రింగును. రేకుల ఇంటిలో లోపల ఒక మూల బలముగను, రెండు అడుగుల ఆవల బలహీనముగను ఉండుట కలదు. త్రిప్పికొట్టబడిన తరంగములు ఒకచోట కలిసి పెరిగి, మరియొకచోట ఒకదానినొకటి చంపుకొనును. ఇవి యంత్రదోషములు కావు. లాప్‌టాప్‌ను రెండు మూరలు జరుపుట కూడ ఒక చికిత్స యని ఏ సందేశమును చెప్పదు.

బలమును చూపు గీతలను గురించియు ఒక మాట. గీతలన్నియు నిండుగా ఉన్నవి, అయినను పేజీ కదలదు. ఇట్టి ఫిర్యాదు తరచుగా వినబడును. ఆ గీతలు రూటరు పలుకు లాప్‌టాప్‌కు ఎంత బాగుగ వినబడుచున్నదో మాత్రమే చూపును. లాప్‌టాప్ పలుకు రూటరుకు ఎట్లు వినబడుచున్నదో చూపవు. పెండ్లి పందిటిలోని మైకు ఊరి చివరకు వినబడును. ఊరి చివరనున్నవాడు పిలిచినచో మైకు ముందున్నవానికి వినబడునా? ఇంతేగాక, ఒక చానలులో ఒక క్షణమున ఒక్క యంత్రమే పలుకగలదు, తక్కినవి ఆగవలెను. హాస్టలులో రాత్రి తొమ్మిది గంటలకు ఎనుబదిమంది ఒకే రూటరును ఆశ్రయించినప్పుడు గీతలు నిండుగనే ఉండును, వంతు మాత్రము రాదు. నిండు గీతలు చూపి ఊరకుండుట అబద్ధము కాదు గాని, అర్ధసత్యము.

ఫోనుకు కనబడు వైఫై పేరు కొత్త లాప్‌టాప్‌కు కనబడనే కనబడదు. దీనికి చవుక లాప్‌టాప్‌లలో ముఖ్యముగ ఒక కారణము చూడదగును: వాని కార్డు మొదటి పట్టీని మాత్రమే వినగలది, రూటరు రెండవ పట్టీలో పలుకుచున్నది. మరియొక సూక్ష్మ కారణమును పలువురు ఎరుగరు. మన దేశములో మొదటి పట్టీ యందు 1 మొదలు 13 వరకు చానళ్ళు వాడవచ్చును; అమెరికాలో సాధారణముగ 11 వరకే. లాప్‌టాప్ తన్ను అమెరికాలో ఉన్నట్లు తలచినచో 13వ చానలులోని రూటరును వినకనే పోవచ్చును. రూటరును 1, 6, 11 చానళ్ళలో ఒకదానికి మార్చినచో చిక్కు తీరును. ఈ సందర్భమున తెర మీద ఏ సందేశమును రాదు. విననిదానిని గూర్చి యంత్రము ఏమి చెప్పగలదు? కావున ఇచ్చట సందేశమును నిందింపరాదు.

ఇక రెండవ మెట్టు. ‘కాంట్ కనెక్ట్ టు దిస్ నెట్‌వర్క్’ అను వాక్యము వీనిలో అన్నిటికంటె హీనమైనది. రూటరు 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అను కొత్త భద్రతా పద్ధతినే కోరుచు, లాప్‌టాప్ డ్రైవరు దానిని ఎరుగనిదైనను ఇదే వాక్యము రావచ్చును. కళాశాలవారు ముందుగ నమోదు చేసిన యంత్రములనే లోనికి రానిచ్చుచు, కొత్త లాప్‌టాప్ తన హార్డువేరు సంఖ్యను గోప్యతకై మార్చి మార్చి చెప్పుచున్నను ఇదే రావచ్చును. తరంగము మరీ బలహీనమై సంభాషణ మధ్యలో తెగినను ఇదియే. ‘తలుపు తీయలేదు’ అని మాత్రము చెప్పి, తాళపుచెవి తప్పా, మనిషి గుర్తు తెలియలేదా, పిలుపే వినబడలేదా చెప్పని కావలివానిని ఎవరును మెచ్చుకొనరు.

మూడవ మెట్టున వచ్చు వాక్యము కొంత మేలు. ‘వైఫై డజ్ నాట్ హావ్ ఎ వాలిడ్ ఐపీ కాన్ఫిగరేషన్’ అని అది చెప్పును. భాష కఠినమే యైనను విషయము సత్యము, స్థానము నిర్దిష్టము. రూటరు లాప్‌టాప్‌ను లోనికి రానిచ్చినది, చిరునామా మాత్రము ఇయ్యలేదు. అట్టి సమయమున లాప్‌టాప్ తనకు తానే 169.254తో ఆరంభమగు ఒక చిరునామా కల్పించుకొనును. ఆ అంకెలు కనబడినచో పాస్‌వర్డును మరల మరల కొట్టుట వ్యర్థము. రూటరు పంచగల చిరునామాలకు ఒక పరిమితి కలదు; సాధారణ గృహపు రూటరు అమరికలో అవి 254కు మించవు, తరచుగ అంతకు తక్కువయే. హాస్టలులో ఒక్కొక్కరికి ఫోనొకటి, లాప్‌టాప్ ఒకటి ఉండగా, కడపట వచ్చిన కొత్త యంత్రమునకు మిగులునదేమి? చిక్కు కొత్త లాప్‌టాప్‌కే వచ్చుట చూచి లాప్‌టాప్‌నే తప్పు పట్టుదురు. అది ఆలస్యముగ పంక్తికి వచ్చిన అతిథి మాత్రమే.

అన్నిటికంటె ప్రసిద్ధమైన ‘నో ఇంటర్నెట్, సెక్యూర్డ్’ అను వాక్యమును పరీక్షింతము. ఇందలి రెండు ఖండములకు పరస్పర సంబంధమే లేదు. సెక్యూర్డ్ అనగా లాప్‌టాప్‌కును రూటరుకును నడుమ గాలిలో పోవు మాటలు సంకేతభాషలో ఉన్నవని మాత్రమే అర్థము. నో ఇంటర్నెట్ అనుటకు ఆధారమేమి? విండోస్ వ్యవస్థ మైక్రోసాఫ్ట్ వారి సర్వరునొకదానిని అడిగి ఒక చిన్న ఫైలును తెప్పించుకొనును. అందులో ఉండునవి ‘మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్’ అను మూడు మాటలే. ఆ మూడు మాటలు యథాతథముగ వచ్చినచో ఇంటర్నెట్ ఉన్నట్లు, రానిచో లేనట్లు! పరీక్ష తెలివైనదే. కాని ఫలితమును ప్రకటించుటలో అతిశయోక్తి ఉన్నది. రైల్వే స్టేషనులోని రైల్‌వైర్ వైఫై ముందుగ ఫోను నంబరును, ఓటీపీని అడుగును. అనేక కళాశాలలలో పేరును, సంకేతపదమును వ్రాయవలసిన పేజీ ఒకటి వచ్చును. అది పూర్తియగు వరకు ఆ మూడు మాటలకు బదులు మరేదో వచ్చును. అప్పుడు దారి లేక కాదు. దారిలో చుంగీ నాకా ఉన్నది. ఆ పేజీ తానై తెరచుకొననప్పుడు విద్యార్థి ‘ఇంటర్నెట్ లేదు’ అను మాటను నమ్మి, ఉన్న ఇంటర్నెట్‌ను వదలి పోవును. ‘పరీక్షా ఫైలు రాలేదు’ అని నిజము చెప్పియుండిన ఎంత బాగుండెడిది!

దీనికి భిన్నముగ పేరును చిరునామాగ మార్చు సర్వరు పలుకనప్పుడు దోషాన్వేషణ సాధనము చెప్పు మాటలో ఒక మర్యాద ఉన్నది. లాప్‌టాప్ అమరిక సరిగనే ఉన్నట్లు తోచుచున్నదనియు, అవతలి డీఎన్ఎస్ సర్వరు పలుకుట లేదనియు అది చెప్పును. ఎవరిది తప్పు కాదో చెప్పు వాక్యము ఇది. ఇంతకంటెను మెచ్చదగినది క్రోమ్ బ్రౌజరులో కలదు. చాలకాలము గోదాములో పడియుండి వచ్చిన కొత్త లాప్‌టాప్‌లో తేదీ వెనుకబడియుండుట కద్దు. అప్పుడు వైఫై కలిసినను, వెబ్‌సైట్ల ధ్రువపత్రములకు ఇంకను గడువు మొదలు కానట్లు తోచి పేజీలు తెరచుకొనవు. అట్టి వేళ ఆ బ్రౌజరు ‘యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్’, అనగా నీ గడియారము వెనుకబడినదని చెప్పును. మాటలు నాలుగే, దోషము, స్థానము, చికిత్స మూడును అందులోనే ఉన్నవి. తక్కిన సందేశముల రచయితలు దీనిని ముందు పెట్టుకొని వ్రాయదగును.

యంత్రమునకే ఇన్ని లోపములున్నప్పుడు, దాని మాటను వివరింప వచ్చిన తెలుగు రచనలు, వీడియోలు ఏమి చేయుచున్నవి? అధికభాగము ఒకే పట్టికను అప్పగించుచున్నవి. ఆపి మరల వేయుడు, డ్రైవరును తొలగించుడు, నెట్‌వర్క్ రీసెట్ చేయుడు, ఫైర్‌వాలు తీసివేయుడు, డీఎన్ఎస్‌ను 8.8.8.8కు మార్చుడు. ఇవి మందుల పేర్లే గాని రోగనిర్ణయము కాదు. ఆపి మరల వేయుట మూఢాచారము కాదు. అట్లు చేసినప్పుడు యంత్రము మొదటి మెట్టు నుండి మరల ఎక్కును, కొత్త చిరునామా నడుగును. చిక్కేమనగా, అది దోషముతో పాటు సాక్ష్యమును కూడ తుడిచివేయును. రేపు చిక్కు మరల వచ్చును. నెట్‌వర్క్ రీసెట్ అంతకంటె కఠినము. యంత్రము గుర్తుంచుకొన్న వైఫై పేర్లన్నియు, పాస్‌వర్డులన్నియు పోవును. హాస్టలు వార్డెను స్వయముగ కొట్టి, విద్యార్థికి చెప్పని పాస్‌వర్డు కూడ దానితోనే పోవును. ఫైర్‌వాలు తీసివేయుమను సలహా దొంగలు పడుదురేమో అని చూడక తలుపు పీకివేయుట. డ్రైవరును మూలముతో సహ తొలగింపుమనుట, వేరు ఇంటర్నెట్ లేనివానికి, కూర్చున్న కొమ్మను నరుకుకొనుటయే.

డ్రైవరు మాట వచ్చినది గనుక కొత్త లాప్‌టాప్‌కు ప్రత్యేకమైన ఒక విచిత్రమును చెప్పవలసియున్నది. కార్డునకు తగిన డ్రైవరు లేనిచో వైఫై లేదు. ఆ డ్రైవరు ఉన్నది ఇంటర్నెట్‌లో. విండోస్ 11 గృహ సంచిక 2021లో వచ్చినది మొదలు, తొలిసారి అమరికలోనే ఇంటర్నెట్ కోరుచున్నది. పెండ్లి కుదిరిన గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరిన గాని పెండ్లి కుదరదు అను సామెతకు ఇంతకంటె చక్కని ఉదాహరణము దొరకదు. దీనికి ఉపాయము ప్రతి ఇంటను ఉన్న ఫోనే. యూఎస్‌బీ తీగతో ఫోనును లాప్‌టాప్‌కు తగిలించి, ఫోనులో యూఎస్‌బీ టెథరింగ్ అను అమరికను వేసినచో ఫోనులోని ఇంటర్నెట్ తీగ మీదుగ లాప్‌టాప్‌కు పోవును. వైఫై కార్డు అక్కరలేదు. ఇంత సులభమైన దానిని వదలి, ఏదో ఒక ‘డ్రైవర్ అప్‌డేటర్’ను దింపుకొమ్మని చెప్పు వీడియోలు లేకపోలేదు. డ్రైవరును లాప్‌టాప్ చేసినవారి వెబ్‌సైటు నుండి గాక మరియొకచోట నుండి తీసికొనరాదు.

ఫోను రైతు చెవి పని కూడ చేయును. ప్రక్క చేని మోటారు నడుచుచున్నదా అను ప్రశ్నకు సమానము, అదే వైఫై మీద ఫోను నడుచుచున్నదా అనునది. తెలుగు సలహాలు దీనిని చెప్పుచునే ఉన్నవి, కాని ముఖ్యమైన షరతును విడుచుచున్నవి: పరీక్షకు ముందు ఫోనులోని మొబైల్ డేటాను ఆపవలెను. లేనిచో వైఫైకి ఆవల దారి లేనప్పుడు ఫోను చప్పుడు కాక మొబైల్ డేటాకు మారి పేజీని తెరచును. ఫోనులో వచ్చుచున్నది, లాప్‌టాప్‌లో వచ్చుట లేదు. కాబట్టి లాప్‌టాప్ చెడినదను తప్పుడు తీర్పునకు ఇదియే మూలము. ప్రక్క చేనిలో డీజిలు ఇంజను చప్పుడు విని కరెంటు ఉన్నదనుకొనుట వంటిది.

ఇంగ్లీషులో కనెక్ట్ అను ఒక్క క్రియను పట్టుకొని తెలుగులోను ‘కనెక్ట్ కాలేదు’ అని సరిపెట్టుట భాషకును అన్యాయము. ఐదు మెట్లకు ఐదు క్రియలు ఇంటింట ఉన్నవే: రూటరు వినబడుట లేదు, రూటరు లోనికి రానీయలేదు, చిరునామా ఇయ్యలేదు, రూటరు దాటి దారి లేదు, ఆ పేరు గలవారెచ్చటనో తెలియలేదు. వీనికి కొత్త పారిభాషిక పదములు అక్కరలేదు. పదవ తరగతి చదువుచున్న ఆసిఫాబాద్ బాలిక వీనిలో ఒక్కదానిని చదివినను తరువాత ఎటు చూడవలెనో తెలిసికొనును: మొదటిది వచ్చినచో కూలరు వైపు, మూడవది వచ్చినచో రూటరు వైపు, నాలుగవది వచ్చినచో తీగ ఇచ్చినవాని ఫోను నంబరు వైపు.

యంత్రమునకు ఇంత వివరము తెలియదని సమర్థించువారు ఉండవచ్చును. ఆ సమర్థన నిలువదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరు హోదాలో తెరచి, ‘నెట్ ఎస్‌హెచ్’ అను ఆజ్ఞతో వైర్‌లెస్ రిపోర్టును కోరినచో, గడచిన మూడు దినములలో వైఫై ఎప్పుడెప్పుడు కలిసినదో, ఎప్పుడెప్పుడు తెగినదో, ప్రతి తెంపునకు కారణమేమో చూపు పట్టికతో ఒక నివేదిక తయారగును. వినియోగదారుడు తానే ఆపెనా, డ్రైవరు ఆపెనా, తరంగమందలేదా అనునవి అందులో వేరు వేరుగ వ్రాయబడియుండును. దోషమును గుర్తింపలేకపోతినని తెర మీద చెప్పిన యంత్రమే లోపలి దినచర్యలో గంట, నిమిషములతో సహ దానిని వ్రాసిపెట్టుకొన్నది. ఆ నివేదిక ఇంగ్లీషులో ఉన్నది, నల్లని కిటికీలో టైపు చేసిన ఆజ్ఞకు గాని బయటికి రాదు. తరచుగ అందులో వచ్చు కారణ వాక్యములను తెలుగు చేయుటకు ఒక అనువాదకునికి ఒక పూట పని.